56 ‘నో’ల తర్వాత పుట్టిన లీగ్

ఆదివారం పొద్దున హన్మకొండలో ఏ గ్రౌండ్‌కైనా వెళ్లి చూడండి. ఒకే మైదానంలో నాలుగైదు క్రికెట్ మ్యాచులు నడుస్తుంటాయి. ఈ మ్యాచ్ ఫీల్డర్ ఆ మ్యాచ్ పిచ్ పక్కన నిలబడి ఉంటాడు. దసరా సెలవులొస్తే టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు, ఎంట్రీ ఫీజులు, ఫ్లెక్సీలు, ట్రోఫీలు. ఈ సందడిలో బ్యాట్ పట్టని మనిషి ఒకరుంటారు. జట్ల పేర్లు నోట్‌బుక్‌లో రాసుకునేది, టైమ్‌కు రాని జట్టుకు ఫోన్ చేసేది, బంతుల డబ్బులు లెక్క చూసేది, రనౌట్ దగ్గర గొడవైతే మధ్యలోకి వెళ్లేది ఆ మనిషే. తీరా ఉద్యోగానికి రెజ్యూమె రాసేటప్పుడు మాత్రం చివరి లైన్‌లో ‘హాబీ: క్రికెట్ ఆడటం’ అని రాసి ఊరుకుంటారు.

ఆ మనిషి చేసింది ఆట కాదు, పని. జీతం రాని పని, అంతే తేడా. అలాంటి పనే 80కి పైగా దేశాలకు పాకిన ఒక సంస్థకు పునాది అయ్యింది. దాని పేరు ‘లిటిల్ లీగ్’. పిల్లల బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ లీగ్. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు ఎంతోమంది ఇలాంటి లీగుల్లో ఆడుతుంటారు. మీ అన్నయ్యో, పిన్ని కూతురో అక్కడుంటే అడిగి చూడండి. శనివారం పొద్దున గ్రౌండ్‌లో స్కోరు రాసేదీ, గీతలు గీసేదీ, పిల్లలకు నీళ్లు పంచేదీ ఎవరని. ఎక్కువగా వినిపించే జవాబు ‘తల్లిదండ్రులే’.

మన వరంగల్‌లో బేస్‌బాల్ ఎవరాడతారు, ఈ కథ మాకెందుకు అంటారా? ఉద్యోగం వెతుక్కునే వాళ్లకు ఇందులో పనికొచ్చేది ఆటకంటే ఎక్కువే ఉంది. ముందు ఆట గురించి రెండు ముక్కలు చెప్పుకుని అసలు కథలోకి వెళ్దాం.

బంతి నేలకు తగలదు

బేస్‌బాల్‌లో జట్టుకు తొమ్మిది మంది. బౌలర్‌ని పిచర్ అంటారు. బంతి నేల మీద పడి లేవదు, నేరుగా బ్యాటర్ దగ్గరకు వస్తుంది. మైదానంలో వజ్రం ఆకారంలో నాలుగు మూలలుంటాయి. అవే బేస్‌లు. బంతిని కొట్టి మూడు బేస్‌లూ చుట్టి, బయల్దేరిన ‘హోమ్’ దగ్గరకు తిరిగొస్తే ఒక పరుగు. ముగ్గురు అవుటైతే బ్యాటింగ్ అవతలి జట్టుకు వెళ్తుంది.

సాఫ్ట్‌బాల్ దీని చెల్లెలు. 1887లో షికాగోలో ఒక హాల్లో పాత బాక్సింగ్ గ్లవ్‌ని బంతిలా చుట్టి, కర్రతో కొట్టిన సరదాలోంచి పుట్టింది. బంతి పెద్దది, చుట్టుకొలత 12 అంగుళాలు. పిచర్ చెయ్యి కింది నుంచి విసరాలి. మైదానం చిన్నది. పేరులో సాఫ్ట్ ఉంది కానీ ఇప్పటి బంతి తగిలితే మెత్తగా ఏమీ ఉండదు.

మనదేశానికి ఇవి కొత్త కాదు. సాఫ్ట్‌బాల్‌కు జాతీయ సంఘం 1961లోనే ఏర్పడింది. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో రెండు ఆటలూ ఉన్నాయి. అనంతపురంలో ఆర్‌డీటీ నడిపే స్పోర్ట్స్ విలేజ్‌లో సాఫ్ట్‌బాల్ నేర్పుతున్నారు. 2008లో ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ అనే టీవీ పోటీ నుంచి వెళ్లిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అమెరికాలో పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. అప్పటికి వాళ్లు బేస్‌బాల్ నేర్చుకుని ఏడాది కూడా నిండలేదు. ఇంకో విషయం. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లోకి బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ తిరిగి వస్తున్నాయి. క్రికెట్‌తో పాటు వీటికీ ఆమోదం దొరికింది 2023 అక్టోబర్‌లో, మన ముంబయిలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే.

28 ఏళ్ల కుర్రాడు, మూడు జట్లు

ఇప్పుడు అసలు కథ. ఊరు విలియమ్స్‌పోర్ట్, అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం. ఒకప్పుడు కలప వ్యాపారానికి ప్రపంచ రాజధాని అనిపించుకున్న ఊరు. 1938 నాటికి ఆ వైభవం పోయింది, పైగా ఆర్థిక మాంద్యం కాలం. అక్కడ కార్ల్ స్టాట్జ్ అనే 28 ఏళ్ల యువకుడు ఉండేవాడు. కోచ్ కాదు, మాజీ ఆటగాడు కాదు, డబ్బున్నవాడూ కాదు. ఓ మామూలు ఉద్యోగి. ఇద్దరు మేనల్లుళ్లతో సాయంత్రాలు బంతాట ఆడేవాడు.

పిల్లలకు పెద్దవాళ్ల గ్రౌండ్ సరిపోదు, పెద్దవాళ్లు చోటివ్వరు, సరైన సామాను లేదు. మన గల్లీ పిల్లల కష్టాలే. వాళ్లకు వాళ్ల సైజులో మైదానం, యూనిఫాం, అంపైర్, షెడ్యూల్‌తో ఒక నిజమైన లీగ్ ఎందుకు ఉండకూడదు అనుకున్నాడు స్టాట్జ్.

మొదట చేసిన పని చాలామంది చేయనిది. కొలతలు తేల్చాడు. పెద్దల బేస్‌బాల్‌లో ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కు 90 అడుగులు. పదేళ్ల పిల్లాడు అంత దూరం పరుగెత్తేలోపు బంతి వచ్చేస్తుంది. అందుకని మడిచిన న్యూస్‌పేపర్లను బేస్‌లుగా పెట్టి, పిల్లల్ని పరుగెత్తించి, దగ్గరకూ దూరానికీ జరుపుతూ చూశాడు. చివరికి 60 అడుగుల దగ్గర ఆట రక్తి కట్టింది. మన లెక్కలో చెప్పాలంటే క్రికెట్ పిచ్ పొడవు 66 అడుగులు, దానికన్నా కాస్త తక్కువ. లిటిల్ లీగ్ ప్రధాన విభాగంలో ఇప్పటికీ అదే కొలత.

ఇంజినీరింగ్ భాషలో దీన్ని ప్రోటోటైప్ అంటాం. ఖర్చు సున్నా, పరికరాలు పాత పేపర్లు. టెస్ట్ చేసింది అసలు వాడే వాళ్లతోనే. ఫైనలియర్ ప్రాజెక్టులో మనం వదిలేసేది సరిగ్గా ఆ చివరి ముక్కనే.

తర్వాత డబ్బులు. యూనిఫాంలు కొనడానికి స్పాన్సర్లు కావాలి. షాపు షాపుకీ, కంపెనీ కంపెనీకీ తిరిగాడు. 56 చోట్ల కాదన్నారని లీగ్ చరిత్రలో చెప్పుకుంటారు. చివరికి లైకమింగ్ డెయిరీ అనే పాల కంపెనీ ఒప్పుకుంది. ఇచ్చింది 30 డాలర్లు. తర్వాత లండీ లంబర్ అనే కలప కంపెనీ, జంబో ప్రెట్జెల్ అనే తినుబండారాల కంపెనీ కలిశాయి. మూడు స్పాన్సర్లు, మూడు జట్లు. కోచ్‌లుగా తెలిసినవాళ్లు ముందుకొచ్చారు. ఎవరికీ జీతం లేదు.

1939 జూన్ 6న మొదటి మ్యాచ్. లండీ లంబర్ 23–8 తేడాతో లైకమింగ్ డెయిరీని ఓడించింది. తొలి మ్యాచ్‌లో చిత్తుగా ఓడిన ఆ పాల కంపెనీ జట్టే సీజన్ చివర్లో కప్పు గెలిచింది. 57వ తలుపు కొట్టిన స్టాట్జ్‌కు తగిన జట్టే దొరికిందన్నమాట.

మీరు కూడా అప్లికేషన్లు పెడుతూనే ఉన్నారు. ‘వి రిగ్రెట్ టు ఇన్‌ఫామ్ యూ’ మెయిళ్లు లెక్కపెట్టడం మానేసి ఉంటారు. ఊరికే పట్టు వదలకండి అని చెప్పడానికి నేను ఈ 56 సంఖ్య ఎత్తలేదు. ఆ 56 మంది దగ్గరకు వెళ్లేటప్పటికి అతని దగ్గర కొలిచి చూసిన మైదానం ఉంది, ఆడటానికి సిద్ధంగా పిల్లలున్నారు, యూనిఫాంలకు ఇంతవుతుందన్న లెక్క ఉంది. ఉత్త ఐడియాతో తిరగలేదు. ఎన్ని ‘నో’లు వచ్చాయన్నది కాదు, తలుపు కొట్టేటప్పుడు చేతిలో ఏముందన్నది చూసుకోవాలి.

ఊరు దాటింది

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లీగ్ చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. ఎవరి ఊళ్లో వాళ్లే వాలంటీర్లు, ఎవరి లెక్కలు వాళ్లవే, రూల్స్ మాత్రం ఒకటే. 1947లో విలియమ్స్‌పోర్ట్‌లో పెద్ద టోర్నమెంట్ పెట్టారు. అదే ఇప్పుడు ఏటా ఆగస్టులో జరిగే లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్‌కు మొదలు. పదేళ్లు తిరిగేసరికి, 1957లో, మెక్సికోలోని మాంటెరే జట్టు ఆ కప్పు ఎగరేసుకుపోయింది. పారిశ్రామిక నగరంలోని పేద ఇళ్ల పిల్లలు. సరిహద్దు దాటి మొదటి మ్యాచ్ ఊరికి నడుచుకుంటూ వెళ్లిన జట్టు అది. ఫైనల్లో వాళ్ల పిచర్ ఏంజెల్ మసియాస్ ఎదుటి జట్టులో ఒక్కరిని కూడా బేస్ మీదకు చేరనివ్వలేదు. అమెరికా బయటి జట్టు గెలవడం అదే మొదటిసారి.

ఇది ఎలా సాధ్యమైంది? ఒక మనిషి మీద ఆధారపడకుండా, ఎవరైనా తమ ఊళ్లో మళ్లీ కట్టుకోగలిగేలా రూల్స్ రాసి పెట్టారు కాబట్టి. మన కాలేజీ ఫెస్టులు చూడండి. ఈ ఏడాది సీనియర్లు బ్రహ్మాండంగా చేస్తారు. వచ్చే ఏడాది జూనియర్లు మళ్లీ సున్నా నుంచి మొదలుపెడతారు. సౌండ్ సిస్టమ్ ఎవరి దగ్గర తెచ్చారు, పర్మిషన్ లెటర్ ఎవరికి రాశారు, ఎంత ఖర్చయ్యింది అన్నది ఎక్కడా రాసి ఉండదు. సీనియర్ ఫోన్ ఎత్తకపోతే కథ కంచికే.

మొదలుపెట్టినవాడే బయటికి

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. లీగ్ పెరిగింది, డబ్బు అవసరం పెరిగింది. 1940ల చివర్లో యు.ఎస్. రబ్బర్ అనే పెద్ద కంపెనీ స్పాన్సర్‌గా వచ్చింది. 1950లో లీగ్ ఒక కార్పొరేషన్ అయ్యింది. 1952లో ఆ కంపెనీ నుంచే వచ్చిన పీటర్ మెక్‌గవర్న్ అధ్యక్షుడయ్యాడు. స్టాట్జ్ కమిషనర్ పదవిలో ఉన్నాడు కానీ నిర్ణయాలు చేతిలోంచి జారిపోయాయి. ఊళ్లలోని వాలంటీర్లకే ఎక్కువ మాట ఉండాలన్నది అతని వాదన. పెద్ద సంస్థగా నడవాలన్నది అవతలివాళ్ల వాదన. 1955లో గొడవ కోర్టుకెక్కింది, మరుసటి ఏడాది రాజీతో ముగిసింది. స్టాట్జ్ తను పుట్టించిన సంస్థలోంచి బయటికొచ్చేశాడు. సొంతూళ్లోనే పిల్లలకు వేరే లీగ్ నడుపుకొన్నాడు. 1992లో చనిపోయాడు.

ఎవరిది తప్పు అని తీర్పు చెప్పడం తేలిక కాదు. ఆ డబ్బూ ఆ యంత్రాంగమూ లేకపోతే లీగ్ అన్ని దేశాలకు వెళ్లేదా అన్నది ఒక ప్రశ్న. మొదలుపెట్టినవాడికే చోటు లేని చోట ‘వాలంటీర్ సంస్థ’ అన్న మాటకు అర్థమేంటి అన్నది ఇంకో ప్రశ్న. రెండూ నిజమైన ప్రశ్నలే.

మీకు మాత్రం ఇందులో చాలా సూటి పాఠం ఉంది. ఫ్రెండ్స్‌తో కలిసి క్లబ్బు పెట్టినా, స్టార్టప్ పెట్టినా, యూట్యూబ్ ఛానెల్ పెట్టినా మొదటి రోజే మూడు విషయాలు కాగితం మీద పెట్టండి. పేరు ఎవరిది? డబ్బు ఎవరి ఖాతాలో ఉంటుంది? అభిప్రాయ భేదం వస్తే నిర్ణయం ఎవరిది? ‘మనం మనం ఒకటే కదరా’ అన్న మాట పది వేల రూపాయల దాకా పనిచేస్తుంది. లక్ష దాటాక కాగితమే పనిచేస్తుంది.

లోపలికి రానివ్వనిది ఎవరిని?

లీగ్ చరిత్రలో అసలు పరీక్షలు మైదానంలో జరగలేదు, గేటు దగ్గర జరిగాయి.

1955లో సౌత్ కరోలైనా రాష్ట్రం, చార్ల్‌స్టన్ నగరం. కానన్ స్ట్రీట్ వైఎంసీఏ జట్టులో అందరూ నల్లజాతి పిల్లలు. వాళ్లు రాష్ట్ర టోర్నమెంట్‌కు పేరిస్తే, శ్వేతజాతి జట్లన్నీ పోటీ నుంచి తప్పుకున్నాయి. ఆడకుండానే గెలిచినట్టయ్యింది. కానీ ‘మ్యాచ్ ఆడి గెలవలేదు కాబట్టి పై రౌండ్‌కు అర్హత లేదు’ అని రూల్ చూపించి ఆపేశారు. ఆ పిల్లల్ని విలియమ్స్‌పోర్ట్‌కు అతిథులుగా పిలిచి, గ్యాలరీలో కూర్చోబెట్టారు. స్టేడియంలోని జనం ‘వాళ్లను ఆడనివ్వండి’ అని అరిచారు. ఆడనివ్వలేదు. 2002లో, 47 ఏళ్ల తర్వాత, ఆ ఏటి రాష్ట్ర చాంపియన్లు మీరేనని గౌరవించారు. అప్పటికి వాళ్లు అరవైకి దగ్గరపడ్డారు. మన ఊళ్లలో ఏ గ్రౌండ్‌లోకి ఎవరు రావచ్చో, ఏ జట్టులో ఏ వాడ పిల్లలకు చోటుంటుందో చూస్తూ పెరిగినవాళ్లకు ఇది దూరదేశపు కథలా అనిపించదు.

అమ్మాయిల సంగతి ఇంకా పొడుగు. 1950లో న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ ఊళ్లో క్యాథరిన్ జాన్‌స్టన్ అనే అమ్మాయి జడలు కత్తిరించుకుని, అబ్బాయి పేరుతో జట్టులో చేరింది. బాగా ఆడింది. తర్వాత తను అమ్మాయినని చెప్పినా కోచ్ ఉంచుకున్నాడు. దాంతో మరుసటి ఏడాది లీగ్ ఒక రూల్ తెచ్చింది, అమ్మాయిలు ఆడకూడదని. ఆ రూల్ ఇరవై ఏళ్లకు పైగా ఉంది. 1972లో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో మరియా పెపే మూడు మ్యాచులు ఆడాక, అమ్మాయిని తీసేయకపోతే మీ ఊరి గుర్తింపే రద్దు చేస్తామని లీగ్ బెదిరించింది. విషయం విచారణకు వెళ్లింది. 1973లో సిల్వియా ప్రెస్లర్ అనే అధికారి అమ్మాయిల పక్షాన తీర్పిచ్చింది. 1974లో రూల్ మారింది, అదే ఏడాది అమ్మాయిలకు సాఫ్ట్‌బాల్ విభాగం మొదలైంది. తొలి ఏడాదే దాదాపు 30 వేల మంది చేరారు. మరియాకు మాత్రం అప్పటికి వయసు దాటిపోయింది. ఆమె గెలిచిన హక్కు వేరేవాళ్లకు దక్కింది. నలభై ఏళ్ల తర్వాత, 2014లో, మోనే డేవిస్ అనే పదమూడేళ్ల అమ్మాయి వరల్డ్ సిరీస్‌లో అబ్బాయిల జట్టుకు ఒక్క పరుగూ ఇవ్వకుండా మ్యాచ్ మొత్తం పిచింగ్ చేసి గెలిపించింది.

వాలంటీర్లు అంటే మంచివాళ్లే, సేవ చేసేవాళ్లే అనుకుంటాం. కానీ జీతం తీసుకోకపోవడం వల్ల న్యాయం దానంతటదే రాదు. ఎవరినో ఒకరిని బయట నిలబెట్టేది కూడా ఈ మంచివాళ్ల కమిటీలే. మీరు ఏ టీమ్ నడిపినా ఒకసారి లెక్క వేసుకోండి. ఇక్కడ లేనిది ఎవరు? ఎందుకు లేరు?

రూల్స్ పుస్తకంలో దాగిన తెలివి

లీగ్‌లోని కొన్ని రూల్స్ చూస్తే ముచ్చటేస్తుంది. జట్టులో ఉన్న ప్రతి పిల్లాడినీ ప్రతి మ్యాచ్‌లో ఆడించాలి. కనీసం ఒకసారి బ్యాటింగ్, ఆరు అవుట్లు పడేదాకా ఫీల్డింగ్. మన టోర్నమెంట్లలో పన్నెండో ఆటగాడిగా సీజన్ మొత్తం నీళ్లు మోసిన మిత్రుడికి ఈ రూల్ గురించి చెప్పండి.

2007 నుంచి పిల్లలు రోజుకు ఎన్ని బంతులు విసరవచ్చన్న దానికి లెక్క పెట్టారు. 11, 12 ఏళ్ల వాళ్లకు 85. గెలవాలన్న పిచ్చిలో కోచ్ పిల్లాడి భుజం పాడుచేయకుండా ఇది అడ్డుకట్ట. 2003 నుంచి పిల్లలతో పనిచేసే ప్రతి వాలంటీర్ నేపథ్యాన్నీ తనిఖీ చేయడం తప్పనిసరి చేశారు. సేవకు వచ్చినవాడిని అనుమానిస్తారా అని ఎవరూ నొచ్చుకోకూడదు. పిల్లల భద్రత ముందు మొహమాటం పనికిరాదు.

దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. 2001లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జట్టు పిచర్ అందర్నీ అబ్బురపరిచాడు. తీరా చూస్తే అతనికి 12 కాదు, 14 ఏళ్లు. సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ మార్చింది పెద్దలు, ఆ జట్టు గెలుపులన్నీ రద్దయి నష్టపోయింది పిల్లలు. వయసు సర్టిఫికెట్ల గోల మనకు కొత్తేం కాదు కాబట్టి వివరించక్కర్లేదు.

మన దగ్గర మొదలుపెట్టాలంటే

ఇదంతా చదివి ‘బానే ఉంది, ఇప్పుడేం చేయాలి’ అనుకుంటే, పెద్ద ప్లాన్ వద్దు. మీ వాడలో నాలుగు జట్లు, ఆరు ఆదివారాలు. సాఫ్ట్‌బాలే కానక్కర్లేదు. కబడ్డీ, ఖోఖో, క్రికెట్ ఏదైనా సరే. సాఫ్ట్‌బాల్ అయితే మెత్తటి రబ్బరు బంతితో మొదలుపెట్టొచ్చు. వాళ్లు బేస్‌లకు న్యూస్‌పేపర్లు వాడారు, మనకు చెప్పులు ఎలాగూ ఉన్నాయి. సున్నంతో గీతలు గీస్తే మైదానం రెడీ. కాలేజీ గ్రౌండ్ కావాలంటే ఫిజికల్ డైరెక్టర్ సార్‌కు తేదీలు, టైమింగ్స్, బాధ్యులెవరో రాసి లెటర్ ఇవ్వండి. నోటి మాట మీద పోవద్దు. పిల్లలైతే ఇంట్లోవాళ్ల సంతకం తీసుకోండి. గ్రౌండ్‌లో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి. ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఉండాలి. అమ్మాయిల ఫోన్ నంబర్లు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. ప్రతి రూపాయికీ ఒక గూగుల్ షీట్, అది అందరికీ కనిపించాలి.

ఏడాది నిలబడితే సొసైటీగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. మన రాష్ట్రంలో అమల్లో ఉన్న 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు చాలు. బైలాలు రాసుకోవాలి. స్టాట్జ్ కథ చదివారు కదా, ఆ బైలాలను నెట్‌లోంచి కాపీ కొట్టకుండా కూర్చుని రాసుకోండి.

ఒక హెచ్చరిక. మీరు పెట్టుకున్న లీగ్ సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ కోటా రాదు. ఏ ఆటకు, ఏ స్థాయి పోటీకి విలువుందో ఆయా నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. ‘నేషనల్ లెవెల్ సర్టిఫికెట్ ఇస్తాం, ఇంత కట్టండి’ అని మెసేజ్ వస్తే ఆ పోటీకి గుర్తింపు ఎవరిచ్చారో అడగండి. జవాబు సూటిగా రాకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

రెజ్యూమెలో ఎలా రాయాలి?

కోడింగ్ ప్రాక్టీస్, ఆప్టిట్యూడ్, గ్రూప్స్ ప్రిపరేషన్... వీటిని లీగ్ భర్తీ చేయదు. ఆదివారం ఒక పూట మించి ఇవ్వొద్దని కూడా చెప్తాను. కానీ ఇంటర్వ్యూ గదిలో ‘టీమ్‌తో గొడవ వచ్చిన సందర్భం చెప్పండి’, ‘వనరులు తక్కువున్నప్పుడు ఏం చేశారు’ అని అడిగితే, బట్టీ కొట్టిన జవాబు ఏదో, జరిగింది ఏదో అవతలివాళ్లకు రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

‘వాలంటీర్‌గా పనిచేశాను’ అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘నాలుగు జట్లు, 48 మంది పిల్లలు, ఆరు వారాల షెడ్యూల్ తయారుచేసి నడిపాను, వానతో ఆగిన రెండు మ్యాచులు అదే వారం పూర్తిచేయించాను, 14 వేల రూపాయల ఖర్చుకు లెక్కలు రాశాను’ అన్నట్టు రాయండి. ఇవి ఉదాహరణ కోసం చెప్పిన అంకెలు, మీవి మీరు వేసుకోండి. లేనివి మాత్రం వేయొద్దు. అంకె రాస్తే దాని మీద ప్రశ్న వస్తుంది, ఆ ప్రశ్నకు జవాబు మీ గూగుల్ షీట్‌లో ఉండాలి.

మేనేజర్ ఉద్యోగాలకే ఇది పనికొస్తుందనుకోవద్దు. షెడ్యూల్ వేయడం అంటే పరిమితులున్న సమస్యను పరిష్కరించడమే. ఒక గ్రౌండ్, నాలుగు జట్లు, ఒకరికి ట్యూషన్, ఒకరికి చర్చి, ఒకరికి మధ్యాహ్నం షిఫ్టు. ఐటీ పిల్లలు దాన్ని చిన్న ప్రోగ్రాంగా రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. బీకాం వాళ్లు లెక్కల ఆడిట్ చేయండి. జర్నలిజం వాళ్లు మ్యాచ్ రిపోర్టులు రాయండి. ఫిజికల్ ఎడ్యుకేషన్ వాళ్లు అంపైరింగ్ నేర్చుకోండి.

ఇక వచ్చే ఏడాది మీరు ఉద్యోగమొచ్చి హైదరాబాద్‌కో, బెంగళూరుకో వెళ్లిపోతారు. వెళ్లాలి కూడా. బస్సెక్కే ముందు ఆ నోట్‌బుక్‌ను, పాస్‌వర్డ్‌లను, గ్రౌండ్ పర్మిషన్ లెటర్ కాపీని మీ తర్వాత వచ్చే ఇంటర్ కుర్రాడికో, డిగ్రీ అమ్మాయికో అప్పజెప్పండి. తర్వాతి ఆదివారం మీరు లేకుండా మ్యాచ్ టైమ్‌కు మొదలైతే, మీ పని సరిగ్గా చేసినట్టే.